పచ్చి అతుకు

"ఆ సిమెంటు బస్తా ముట్టకు!" అశోక్‌నగర్ హాస్టల్ మెట్లెక్కుకుంటనే అరిచింది బుగ్గమ్మ. ఆమె మొగడు, ప్లంబర్ ఓదెలుకు పేగు క్యాన్సర్ ఆపరేషనై పన్నెండు రోజులే. అయినా ఇంట్ల చెప్పకుండ పనికొచ్చిండు.

"ఎందుకే పరేషానైతవ్?" ఓదెలు అంగీ లేపి చూపిండు. "నాలుగు చిన్న గాట్లు. అవి గూడ మానినయ్. ఇదొక ఆపరేషనా?"

"కెమెరా పెట్టి లోపల జానెడు పేగు కోసి తీసిండ్రయ్యా!"

"గంత తీసెటిదుంటె కడుపే కోస్తుండిరి."

ఈ మనిషికి ఇంకెట్ల చెప్పాల్నో బుగ్గమ్మకు సమజ్ కాలే. దవాఖాన నుంచి వచ్చినప్పటిసంది ఇదే లొల్లి.

అంతల హాస్టల్ ఓనర్ నర్మద వాల్వు మీద చెయ్యేసింది. "పైపు అతికినవ్ గద ఓదెలన్నా, నీళ్లు ఇడుస్తున్న. పిల్లలు స్నానాలకు ఆగిండ్రు."

"ఆగు మేడం!" ఓదెలు ఎగిరిపడ్డడు. "పైకి ఆరినట్టే కనబడ్తది. లోపల అతుకు ఇంక పచ్చిగనే ఉంది. ఇప్పుడు జోరు పడ్తె ఊడిపోతది. ఒక్క పూట ఆగలేరా?"

బుగ్గమ్మ అతని మొఖంలకు చూసింది. "నీ పేగు కొసలు గూడ గట్లనే అతికిండ్రు."

బస్తా మీదున్న ఓదెలు చెయ్యి మెల్లగ కడుపు మీదికి పోయింది.

"ఎన్ని రోజులు ఆగాలన్నడే డాక్టర్ సారు?"

"ఆరు వారాలు," అంది బుగ్గమ్మ, పండ్లు నూరుకుంట. "ఇది పదోసారి చెప్పుడు."