పసుపు గీత

"ఊరికే వచ్చినదానికి ఏటా కప్పం కట్టమంటారా?" అన్నాడు ఇంజనీరు సోమేశ్వరరావు.

కొత్తగూడ దాటాక బండరాళ్ళ మధ్య వెలిసిన ఆనకట్ట ఆఫీసు అది. 1978 నవంబరు. సముద్రంలో తుఫాను పుట్టిందని పొద్దుట్నుంచీ రేడియో ఒకటే గోల.

ఎదురుగా కూర్చున్న చలపతిరావు కంప్యూటర్లకు మరమ్మతు చేసే కంపెనీ మనిషి.

"ప్రోగ్రాం ఊరికే వచ్చింది, కాదననండి. అమెరికా యూనివర్సిటీ వాళ్ళు ఎవరడిగినా ఇస్తారు, ఎవరైనా మార్చుకోవచ్చు. అదేనండి భయం. రేపు తప్పు చెబితే ఎవర్నడుగుతారు? మాతో ఒప్పందం రాసుకోండి. ప్రతి కార్డూ చూసి, పూచీ మేం పడతాం."

భయపెట్టి బేరం కుదుర్చుకోవడం ఇలాంటివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. సోమేశ్వరరావుకి ఒళ్ళు మండింది.

తెరిచిన సొరుగులో మూడువందల అట్ట కార్డులున్నాయి. ప్రోగ్రామంతా వాటి చిల్లుల్లోనే ఉంది. ఆనకట్టలోంచి ఊరే నీటి కొలతలు వారం వారం పెడితే, కట్ట నిలుస్తుందో లేదో యంత్రం చెబుతుంది. కట్ట కింద నూట ఇరవై గడపల ఊరు. కట్టించింది సోమేశ్వరరావే. వచ్చే వారం మంత్రిగారు ప్రారంభిస్తారు.

కార్డుల పైఅంచున ఏటవాలుగా ఒక పసుపు గీత. దసరాకి, ఆయుధపూజలో అటెండరు బాలనర్సయ్య గీసింది.

"భలే పని! కిందపడి చెదిరినా ఈ గీత చూసి వరుసగా పేర్చుకోవచ్చు," అంటూ చలపతిరావు చెయ్యి చాపాడు.

సోమేశ్వరరావు సొరుగు ధడాలున మూసేశాడు.

"పూజలో పెట్టినవి. పరాయి చెయ్యి పడకూడదు. అయినా, కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? వెళ్ళిరండి."

చలపతిరావు గుమ్మం దగ్గర ఆగాడు. "తుఫాను రానివ్వండి. మీరే కబురు పెడతారు."

బయట చినుకులు మొదలయ్యాయి. బాలనర్సయ్య టీ తెచ్చాడు. అతనిల్లు కట్ట కింది ఊళ్ళోనే.

"కట్ట తాన చెమ్మ శాన ఎక్కువైంది సార్. మా ఇంటామె కిష్టమ్మ పరేషాన్ అయితున్నది. పిల్లలను తోల్కొని చుట్టాలింటికి పోదమంటది. మిషిన్ ఏమన్నది సార్?"

"క్షేమమంది. యంత్రం అబద్ధమాడుతుందా నర్సయ్యా?"

"గంతే కద. ఇగ ఫికర్ లేదు. ఇంటికాడనే ఉండుమంట."

బాలనర్సయ్య నిశ్చింతగా బల్ల తుడిచాడు. సొరుగు లాగి కార్డుల మీద దుమ్ము దులపబోయి ఆగాడు.

"అయ్యో, నడుమ ఒక్క కార్డుకు పసుపు లేదు సార్. తెల్లగ కనవడుతున్నది. గప్పుడు జూసుకోలే. ఇప్పుడు పెట్టాల్నా?"

సోమేశ్వరరావు గబుక్కున సొరుగు మూసేశాడు.

దసరా వెళ్ళిన వారానికి, ఏ కొలతలు పెట్టినా కట్ట క్షేమమనే అచ్చు పడేటట్టు తన చేత్తో చిల్లులు పొడిచి మధ్యలో దూర్చిన కార్డు అది.