పద్నాలుగో కాసు

"ఒక్కటే మిగిలిందండీ. దానికి ఈవిడకి టోకెన్ ఇచ్చేశాను" అంది బంగారం కొట్టు కౌంటర్లో ఉన్న శ్రీరమ్య.

వీరాంజనేయులు గిర్రున ఆవిడ వైపు తిరిగాడు.

ఏటా కొత్త సంవత్సరం అంకెతో విడుదలయ్యే సావరిన్ అనే బంగారు కాసులు గుంటూరులో ఆ బంగారం కొట్టుకే వస్తాయి. అవీ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 2013 నుంచి ఒక్క ఏడు కూడా తప్పకుండా కొన్నాడు వీరాంజనేయులు. పదమూడు కాసులు, పదమూడు అద్దాల డబ్బీలు. వాటిని చూడాలన్నా చేతులకి తెల్ల గ్లౌజులుండాలి. ఇల్లాలిని కూడా ముట్టుకోనివ్వడు మహానుభావుడు. మిర్చి రేటు పడిపోయినా నిద్రపోతాడు గానీ, ఆ వరసలో ఒక్క ఏడు ఖాళీ పడితే బతకలేడు.

అలాంటిది, ఆఖరి కాసు ముందు నిలబడ్డది ఎవరు?

వెలిసిపోయిన నేత చీర, చేతిలో గుడ్డ సంచీ, గోళ్ళ నిండా మిరపకాయ మరకలు.

ఆవిడ సంచీ విప్పి నోట్లు కౌంటర్ మీద పోసింది. అన్నీ నూర్లూ, రెండొందలూ.

"అమ్మా, ఇవన్నీ లెక్కపెట్టాలంటే చాలాసేపు పడుతుంది" అంది శ్రీరమ్య.

"లెక్కపెట్టుకో తల్లీ. నాకేం తొందర్లేదు."

"నాకుంది" అంటూ వీరాంజనేయులు తన కార్డు ముందుకి తోశాడు. "బిల్లు నా పేరున కొట్టు. పదమూడేళ్ళ కస్టమర్ని!"

"వరసలో నేను ముందున్నానయ్యా."

"నీకెందుకమ్మా ఇది? మీరు కాసు దొరికితే చాలు, రింగు అతికించి మెళ్ళో వేలాడేస్తారు. ఇవి దాచుకుని చూసుకునేవి."

"బంగారం కొనుక్కుని చూస్తా కూర్చుంటారా?" ఆవిడ గొంతుకి కొట్టంతా ఇటు తిరిగింది. "నేను కదల్ను. టోకెన్ నా చేతిలో ఉంది."

శ్రీరమ్య బిక్కమొహం వేసుకుని లోపలికి చూసింది. లోపల్నుంచి యజమాని, కార్డు గీకెయ్యమని సైగ చేశాడు.

పద్నాలుగో కాసు వీరాంజనేయులు జేబులో పడింది.

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. నోట్లన్నీ ఓపిగ్గా సంచీలో సర్దుకుని, టోకెన్ కౌంటర్ మీద పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండి. మీ కొట్టు మాటకి విలువెంతో గుర్తుంటది" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"పొగరు చూశావా!" అన్నాడు వీరాంజనేయులు. గెలిచినవాడికి మాటలకేం కొదవ?

మర్నాడు పొద్దున్నే నల్లపాడు అవతలున్న తన మిరపచేనుకి వెళ్ళాడు. ఎరువుల కొట్టుతోనే సరిపోయే మనిషి, నెలకోసారి గానీ చేను మొహం చూడడు. పదెకరాల్లో కాయ ఎర్రగా పండి ఉంది. మార్కాపురం వైపు నుంచి కోత ముఠా వచ్చి దిగిందని ఫోన్లో విన్నాడు.

గట్టు మీద కాటా పక్కన నిలబడి ఉంది ఆ ముఠా మేస్త్రి.

నిన్నటి మనిషే!

వీరాంజనేయులు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఈవిడ కక్షకట్టి ముఠాని లేపుకుపోతే పదెకరాల కాయా చెట్టు మీదే ఎండిపోతుంది.

"నీ పేరేంటమ్మా?" నిన్న లేని మర్యాద ఇవాళ ఎక్కడినుంచో ఊడిపడింది.

"నాంచారమ్మ."

"ఇదిగో నాంచారమ్మా, నిన్నటి కాసు. నేను కొన్న ధరకే తీసుకో. కోత మాత్రం ఆపకు." ఇంకా డబ్బీకెక్కని కాసుని జేబులోంచి తీశాడు గానీ, పిడికిలి పూర్తిగా విప్పలేదు.

ఆవిడ కాసు వంక చూడనైనా చూడలేదు.

"కోత ఎందుకాపుతాం? కోస్తామని మాటిచ్చాం, కోస్తాం. మాది ఆ కొట్టువాళ్ళ మాట కాదు. కాసంటారా, అక్కడ వరసలో ఇయ్యాల్సింది ఇక్కడ గట్టు మీద ఇస్తే బిచ్చం అవుద్ది. నాకొద్దు. జేబులో పెట్టుకోండి."

అనేసి చేలోకి దిగిపోయింది.

వీరాంజనేయులుకి ఒళ్ళు మండింది. లోపల్లోపల హాయిగానూ ఉంది, కాసు తనకే మిగిలింది కదా! కూలీల మీదొచ్చే కమీషన్ తిని కాసులు కొనే మేస్త్రికి ఇంత బింకమా అనుకున్నాడు.

అప్పుడు చూశాడు. మొదటి సాలులో వంగి కాయ కోస్తున్న మనిషి మెడలోంచి, నల్లతాడుకి కట్టిన కాసు బయటికి జారి ఊగుతోంది. దాని మీద 2016 అని ఉంది.

"అయ్యయ్యో, రింగు అతికించేశారే!" అన్నాడు పైకే.

పక్క సాలులో 2021. ఆ పక్కన 2014. పిచ్చివాడిలా సాళ్ళ వెంట తిరిగాడు. 2019, 2013, 2025. పదమూడు మంది మెడల్లో పదమూడు కాసులు, ఒక్క ఏడు తప్పలేదు. తన డబ్బీల్లో ఉన్న వరసంతా తన చేలోనే చెమటలో తడుస్తోంది.

"ఇవెక్కడివి మీకు?"

"ఎక్కడివేంటి? దొంగసొత్తనుకున్నారా?" నడుమెత్తి నిలబడింది వెంకటేశ్వరమ్మ అనే పెద్దావిడ. "ఏటికొక్కరికి కొంటాం. తలా ఇంత వేస్తాం, తగ్గింది మేస్త్రి తన కమీషన్లోంచి కలుపుద్ది. ఏ ఏటి కాసు మీద ఆ ఏటి అంకె ఉంటది, ఎవరిదెవరిదని పేచీ ఉండదు."

"ఏం చేసుకుంటారు వీటిని?"

"ఇదివరకు ఆసాములు ముందస్తుగా డబ్బులిచ్చి, ఆ బాకీ చూపించి అయినకాడికి కోయించుకునేవాళ్ళు. ఇప్పుడు అవసరమొస్తే కాసు బ్యాంకులో తాకట్టు పెట్టుకుంటాం, ఎవడి దగ్గరా చెయ్యి చాపం. కూలి రేటు మేం చెబుతాం. ఇష్టమైతే పిలవండి, లేకపోతే మానండి!"

చేలో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

వీరాంజనేయులు జేబులో కాసు తడుముకున్నాడు.

"మరి ఈ ఏటి కాసు ఎవరిది?" అన్నాడు. అడక్కుండా ఉంటే బాగుండేది.

వెంకటేశ్వరమ్మ మొహంలో నవ్వు పోయింది.

"అందరికీ వచ్చాకే నాకు అంటా పదమూడేళ్ళు ఆగింది బాబూ, ఈ ఏడు మా నాంచారమ్మ వంతు."