ముప్పావు గంట ముందే

ఎనిమిది వేల కిలోమీటర్లు, పది గంటల ప్రయాణం. ఎయిర్‌హోస్టెస్‌ని కదా, ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిన ప్రతిసారీ చివరి వరుసలో ఉన్నావిడ నన్ను ఒకటే అడిగేది.

"ఇంకా ఎంతసేపమ్మా?"

ఏం తొందరో పాపం అనుకున్నాను. తలుపు దగ్గర సీటొకటి ఖాళీగా ఉంటే అందులో కూర్చోబెట్టాను, అందరికంటే ముందు దిగొచ్చని.

అంతలో కెప్టెన్ మైకులో చెప్పాడు, వెనకనుంచి గాలి బాగా తోస్తోందని, ముప్పావు గంట ముందే చేరిపోతామని. జనం చప్పట్లు కొట్టారు.

"మీ పంట పండిందండీ!" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని కాస్త మెల్లగా నడపమనవా, తల్లీ?"

"అదేంటండీ?"

"మా చెల్లికి మెషీన్ మీదే ఊపిరాడుతోంది. ఇక లాభం లేదన్నారు. నేనొచ్చి చూసేదాకా ఉంచుతారట. చూడగానే తీసేస్తారట."



విమానం దిగింది. తలుపు తీశాను. అందరూ ఆవిణ్ణి దాటుకుని వెళ్ళిపోయారు. ఊడ్చేవాళ్ళు కూడా లోపలికి వచ్చేశారు.

ఆవిడ బెల్టు విప్పలేదు. విప్పమని నేనూ అనలేదు.