వీపు కోసిన కెమెరా

మామగారి కెమెరాను రంపంతో కోసిన అల్లుడు, సరస్సు ఒడ్డునున్న ఓహ్రిద్ ఊరు మొత్తానికి మెతోది ఒక్కడే అయివుంటాడు. కోసినవాడు కోసినట్టు ఊరుకోక కెమెరానూ, కోసిన ముక్కల్నీ వరండా బల్ల మీదే వదిలేశాడు. ఐవార్ పచ్చడి పెట్టే రోజాయె, అత్తా మామా పొద్దున్నే దిగుతారన్న ఆలోచనైనా ఉండొద్దూ?

దిగనే దిగారు. అత్త ఫానియా నేరుగా పెరట్లోకి పోయి, కాల్చిన లావుపాటి ఎర్ర మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొక్క ఒలవడం మొదలుపెట్టింది. మామ నౌమ్ మాత్రం బల్ల దగ్గరే ఆగిపోయాడు.

"దీని వీపేదీ?" అన్నాడు.

మెతోది కెమెరాను తిప్పి చూపించాడు. దీంట్లో వేసే ఫిల్మ్ తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, అలమారాలో ఊరికే పడివుంది, అందుకే వెనక భాగం కోసేసి చెక్క చట్రం అతికించాను, ఇక పెద్ద సైజు ఫిల్మ్ రేకులు ఒక్కొక్కటే పెట్టి తీసుకోవచ్చు అని చెప్పుకొచ్చాడు. చచ్చినదాన్ని బతికించానన్నాడు.

"వీపు కోసి బతికించే వైద్యం నేనెక్కడా వినలేదు," అన్నాడు నౌమ్.

ఆయన బాధ ఆయనది. ముప్పై వేసవులు సరస్సు ఒడ్డున టూరిస్టులకు ఆ కెమెరాతోనే ఫోటోలు తీసి, నిమిషంలో చేతిలో పెట్టి పంపాడు. అన్నీ వాళ్ళ సంచుల్లో వాళ్ళ ఊళ్ళకు పోయాయి. ఇంట్లో మిగిలింది ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో తీసిన ఫానియా ఫోటో. అందులో పూల జాకెట్టు ఉంది, మెడలో గొలుసుంది, సగం నవ్వు కూడా ఉంది. ముక్కు దగ్గర్నుంచి పైన ఏమీ లేదు.

నువ్వు కదిలావని ఆయన. కదల్లేదని ఆవిడ. నలభై మూడేళ్ళ తగువది. ఆ రోజు నుంచి ఫానియా ఆయన కెమెరా ముందు నిలబడితే ఒట్టు. పెళ్ళాం కళ్ళు కనబడే ఫోటో ఒక్కటి, అంతకు మించి ఆ ముసలాయన ఈ జన్మలో ఏదీ కోరుకోలేదు.

మామను మంచి చేసుకోవాలని మెతోది, దీంతో మొదటి ఫోటో అత్తయ్యదే అన్నాడు. పెరట్లోంచి ఫానియా తలైనా ఎత్తలేదు.

"నేను లేవను. చేతులు కడుక్కోను. చూసేవాడు చూసుకోనీ."

కాదనలేదు, అదే పదివేలు. మెతోది ముక్కాలి స్టాండు తెచ్చి ఆవిడకు రెండడుగుల దూరంలో పెట్టాడు. కెమెరా వెనక, లెన్సు చూసే బొమ్మ పడి కనబడేలా, తాను ఇసకపొడితో అరగదీసిన గరుకు అద్దం బిగించాడు. వెలుతురు పడకుండా కప్పుకోవడానికి ఏమీ దొరక్క పెళ్ళాం రోద్నా నల్ల ఉన్ని గౌను తెచ్చాడు. ముప్పై ఏళ్ళు ఫోటోలు తీశాను గానీ గౌనులో దూరలేదని నౌమ్ గొణిగాడు. గొణుగుతూనే దూరాడు.

ముందంతా చీకటి. తర్వాత మెల్లగా అద్దం మీద వెలుగు కుదురుకుంది. పెరడంతా తలకిందులుగా వేలాడుతోంది. పొయ్యి పొగ కిందికి పారుతోంది. ఎర్ర మిరపకాయల గుట్ట పైనుంచి వేలాడుతోంది. ఫానియా వేళ్ళు ఒలిచిన తొక్కలు ఒక్కొక్కటీ పైకి రాలుతున్నాయి. ఆ ఎరుపు, ఆ వేళ్ళ తడి, అన్నీ అరచేయంత అద్దంలో. ఇన్నేళ్ళూ నౌమ్ చూసింది కెమెరా పైనున్న, గురి చూసుకునే చిన్న కిటికీలోంచే. లెన్సులోంచి చూసే దారి ఆ కెమెరాకు లేనే లేదు. అది చూసిందేదో ఫిల్మ్‌కే చూపించుకుంది.

"ఇన్నాళ్ళూ ఇది చూసింది ఇదా," అన్నాడు గౌను లోపలి నుంచి.

నౌమ్ ఫానియా మొహం కోసం అద్దం అడుగుకు వెతికాడు. చేతులున్నాయి, మెడ ఉంది, గడ్డం ఉంది. ముక్కు దగ్గర అద్దం అయిపోయింది. గభాలున బయటికొచ్చి కిటికీలోంచి చూశాడు. తలగుడ్డతో సహా మనిషి నిండుగా ఉంది. మళ్ళీ గౌనులో దూరాడు. కళ్ళు లేవు. మూడుసార్లు దూరి, మూడుసార్లు బయటికొచ్చాడు.

కిటికీ పైనుంది, లెన్సు కిందుంది, కిటికీ చూపు కూడా కాస్త వంకర, అందుకని రెండూ ఒకటే చూడవని మెతోది చెప్పాడు.

"దూరంగా నిలబడ్డవాళ్ళకి ఏం కాదు మామయ్యా. దగ్గరివాళ్ళకే తల పోతుంది."

నౌమ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెళ్ళి ఫానియా పక్కన నేల మీదే కూర్చున్నాడు. పొయ్యి మీద కుండ కలుపుతున్న రోద్నా గరిటె ఆపేసింది.

"తప్పు దీనిది, ఫానియా. నలభై మూడేళ్ళు నీ మీద వేశాను. నువ్వు కదల్లేదు."

ఆవిడ చేతిలో ఉన్న మిరపకాయ ఒలవడం పూర్తిచేసింది. చేతులు తుడుచుకుంది. ఆయన మొహంలోకి చూసింది.

"కదిలాను, నౌమ్. అప్పుడు సిగ్గేసి కాదన్నాను. నువ్వు కెమెరా వెనక దాక్కున్నావు, నీ మొహం చూద్దామని మునివేళ్ళ మీద లేచాను."