ఒలూచ్ ఇంటి లైటు

"ప్లేటు జారుతోంది, పట్టుకో ఒబాలా!" అపియో కిందనుంచి కేక వేసింది.

నిచ్చెన మీదున్న మరిది ఒబాలా సోలార్ ప్లేటును గుండెలకు హత్తుకున్నాడు. "పట్టుకున్నాలే వదినా. నువ్వు అరిస్తేనే చేతులు వణుకుతున్నాయి."

ఎలాగైతేనేం, రెండు ప్లేట్లూ అపియో ఇంటి రేకుల మీదనుంచి దిగాయి. వాటి వెనకే వైర్లు, బ్యాటరీ, బల్బు. అవన్నీ పొద్దుగూకేలోగా ఆవరణకు ఆ చివర, గేటు పక్కన లేచిన కొత్త మట్టింటికి చేరాలి. అది అపియో కొడుకు ఒలూచ్ ఇల్లు. ఊరి మగవాళ్ళంతా తలా చెయ్యి వేసి నిన్నా మొన్నా లేపిన ఇల్లది. గోడల తడి ఇంకా ఆరనే లేదు.

"ఒక్క రాత్రి కోసం నీ ఇల్లు చీకటి చేసుకుంటావా?" అన్నాడు ఒబాలా. "లాంతరు పెడితే సరిపోదూ?"

"లాంతరా! ఈ ప్లేట్లు ఎవరివి? వాడు కొన్నవి, వాడే ఎక్కి బిగించినవి. 'అమ్మా, నేను ఇల్లు కట్టుకున్న రోజున ఇవి పీక్కుపోతా, అప్పటిదాకా నీకు అరువు' అన్నాడు. ఇచ్చెయ్యాలా, వద్దా?"

ఒబాలా ప్లేటు నెత్తికెత్తుకున్నాడు.

చిన్నప్పుడు దీపం ఆర్పితే చాలు, ఒలూచ్ గుక్కపట్టేవాడు. తల్లి కట్టుకున్న గుడ్డ అంచు గుప్పిట్లో ఉంటే గాని కళ్ళు మూసేవాడు కాదు. మీసాలొచ్చాక తల్లి కప్పు కింద పడుకోవడం అక్కడ తప్పు. ఆ వయసు కుర్రాడు తన ఇల్లు తాను వేసుకోవాలి. వీడు వేసుకోలేదు. మొంబాసా రేవులో పనికి పోయాడు. సెలవుకొస్తే స్నేహితుడు ఒపోండో ఇంట్లో పడుకునేవాడు. "ఇల్లు లేని దొర దిగాడమ్మా!" అని సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు ఏడిపించేవారు. "వచ్చే ఏడాది కడతాగా" అని నవ్వేవాడు.

"సొంతిల్లు లేని మగవాడికి ఈ ఆవరణ మట్టిలో చోటు లేదు" అని పెద్దలు మొన్న తేల్చి చెప్పేశారు. అందుకే ఇంత హడావిడి.

రేడియోలు బాగుచేసే ఆ ఒపోండోయే ఇప్పుడు కొత్త ఇంటి రేకుల మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు.

"చూశావా అమ్మా నీ కొడుకు పని! నా పెళ్ళికి రమ్మంటే రాలేదు. ఇవాళ నన్ను రేకుల మీద వేపుడు చేసి, తను బండిలో కాళ్ళు చాపుకుని వస్తున్నాడు."

అపియో నవ్వబోయి ఆగిపోయింది.

కింద ఒబాలా వాకిలిని చేతులతో కొలిచాడు. "ఇది చాలదు. అటువైపు ఇంకో జానెడు కొట్టండి" అని కుర్రాళ్ళకు చెప్పాడు.

"మంచం తెప్పించనా?" అంది అపియో.

"వద్దు వదినా. చోటు చాలదు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

చర్చి నుంచి ఆడవాళ్ళు కుర్చీలు నెత్తిన పెట్టుకుని రావడం మొదలైంది. ఒపోండో ప్లేట్లు బిగించి దిగొచ్చి స్విచ్చి నొక్కాడు. బల్బు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

"వారంగా మబ్బే కదమ్మా. బ్యాటరీలో ఏమీ లేదు. కాస్త ఎండ తగిలితే తప్ప..."

"తగలకపోతే?"

అంతలో ఒబాలా ఫోను మోగింది. "బండి కిసుము దాటిందట."

అపియో సరస్సు వైపు తిరిగి, మబ్బు వెనక కుంగుతున్న సూర్యుడితో తగాదా పెట్టుకుంది.

"పెద్దాయనా! వాడు పుట్టిన పొద్దున కూడా మబ్బే వేశావు. అందుకే ఒలూచ్ అని పేరు పెట్టుకున్నా. ఇవాళైనా కాస్త మొహం చూపించవయ్యా! నా బిడ్డ చీకట్లో పడుకోలేడు."

ఆయన విన్నాడో ఏమో, మబ్బుకీ నీళ్ళకీ మధ్య సన్నని సందులోంచి ఎండ పాకింది. కానీ మరీ వాలు ఎండ, రేకుల మీది ప్లేట్లకు అందడం లేదు.

"ఊడదియ్యండ్రా!" అని అరిచింది.

ప్లేట్లు మళ్ళీ కిందికి దిగాయి. ఒపోండో ఒకటి, ఒబాలా ఒకటి పట్టుకుని, పసిపిల్లలకు చలి కాపుతున్నట్టు, ఎండకు ఎదురుగా నిలబడ్డారు. అపియో తలగుడ్డ విప్పి వాటి మీది దుమ్మంతా తుడిచింది. సూర్యుడు పూర్తిగా నీళ్ళలోకి దిగేదాకా వాళ్ళు కదలలేదు.

స్విచ్చి నొక్కారు. బల్బు ఎర్రగా ఊగిసలాడి, నిలదొక్కుకుంది. వెలుగు తడిగోడల మీద తెల్లగా పరుచుకుంది.

గేటు దగ్గర బండి ఆగింది. ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఒబాలా తలుపులు బార్లా తీశాడు. అపియో గుమ్మం పక్కకు జరిగి నిలబడింది.

"రా నాయనా, లైటు వేసే ఉంచాను."

నలుగురు కలిసి ఒలూచ్ శవపేటికను లోపలికి మోసుకొచ్చారు.