చేతికొచ్చిన పాట

శేషగిరి కళ్లు మూసుకుని దొంతరలోంచి ఒక రికార్డు లాగాడు.

ఏది వచ్చిందో చూడకుండానే గ్రామఫోను మీద పెట్టి, కీ తిప్పి, ముల్లు వాల్చాడు.

ఏదో భజన. నిన్న హాస్యపాట వచ్చింది, మొన్న సన్నాయి. ఏది వస్తేనేం, అతనికి అన్నీ ఒకటే.

శేషగిరి పలాస స్టేషన్లో పార్సిల్ గుమస్తా. నాలుగు నెలల కిందట మూడు రోజుల జ్వరంతో భార్య సూర్యకాంతం పోయింది. ఇంట్లో ఉన్న అరవై రికార్డులూ ఆవిడ ముచ్చటపడి కొనిపించుకున్నవే. ప్రతి అట్ట మీదా పాట పేరు గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టుకుంది.

ఆ దస్తూరీ చూస్తే శేషగిరికి చెయ్యి ఆడదు. అందుకే అట్టలన్నీ అటక మీద పడేశాడు. రికార్డుల్ని పేకముక్కల్లా కలిపేశాడు. ఏది చేతికొస్తే ఆ పూటకదే పాట.

ఆవిడ పోయిన రోజు నుంచీ అతని కంట చుక్క నీరు రాలేదు. రాతిగుండె అంది వీధి. అననీ. అతనికే భయం పట్టుకుంది, తనూ ఆవిడతోపాటే పోయాడేమోనని. ఏదో ఒక పాటకు ఏడుపొస్తే బతికున్నట్టు లెక్క. రోజూ సాయంత్రం ఆ ఆశతోనే ముల్లు వాల్చేవాడు.

"కూకోనా బాబూ?"

అరుగు చివర ఒక ముసలాయన. వాసన తగలకూడదని ఎండుచేపల కావిడి దూరంగా ప్రహరీ పక్కన దించి వచ్చాడు. పేరు పోలయ్య అనీ, అక్కుపల్లి నుంచి పక్కనున్న కాశీబుగ్గలో అమ్మకానికి వస్తాననీ, బస్సుకి ఇంకా వేళుందనీ అడక్కుండానే చెప్పాడు. గొంతు కాస్త పెద్దది. సముద్రం మీద అరిచి మాట్లాడుకునేవాళ్ల గొంతు అంతేలే అనుకున్నాడు శేషగిరి.

వద్దనడానికైనా ఓపిక ఉండాలిగా. తల ఊపాడు.

అప్పట్నుంచి వారానికి మూడు రోజులు పోలయ్య వచ్చేవాడు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని శేషగిరికి ఎదురుగా కూర్చునేవాడు. పాట ఆగగానే ఒకటే మాట.

"బాగున్నాది బాబూ."

ఏ పాటకైనా అదే మాట. బస్సు వెళ్లిపోయినా లేచేవాడు కాదు. పాటల పిచ్చి మరీ ఇంతుంటుందా అనుకున్నాడు శేషగిరి. ఒకరోజు రెండు రికార్డులు ఎత్తి చూపించి ఏది వెయ్యమంటావని అడిగాడు.

"నీ సేతికి ఏదొత్తే అదే బాబూ."

అరుగంతా నీచు కంపు కొడుతోందని పక్కింటి అనంతపద్మనాభంగారు గొణిగారు. నిజమే కావచ్చు. శేషగిరి ముక్కుకి ఆ వాసనా తెలియలేదు.

ఒక గురువారం చేతికి ఆ రికార్డు వచ్చింది.

ముల్లు వాలగానే తెలిసింది, అది సూర్యకాంతం పాట. బియ్యం కడుగుతూ దాంతోపాటే పాడేది. రెండో చరణంలో పైస్థాయి అందేది కాదు. అక్కడ ఆగిపోయి తన గొంతుకి తనే నవ్వుకునేది.

రెండో చరణం వచ్చింది. ఆ నవ్వు వినిపించలేదు.

శేషగిరి కళ్లు మండాయి. ఒక చుక్క ముంజేతి మీద పడింది.

తలెత్తి చూస్తే, పోలయ్య ముందుకు వంగి తన మొహంలోకే చూస్తున్నాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"బాగున్నాది బాబూ. సానా బాగున్నాది."

శేషగిరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా భార్య పాట అది. నీకు నవ్వులాటగా ఉందా? లే. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

పోలయ్య నవ్వు చెరగలేదు. రెండు చేతులూ జోడించి, కావిడి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. సిగ్గూ శరం లేని మనిషి అనుకున్నాడు శేషగిరి.

మర్నాటి నుంచి పోలయ్య రాలేదు. రెండు వారాలు గడిచాయి. పాట ఆగాక బాగుందనేవాడు లేక ఇల్లు బావురుమంది. ఆ కోపం ముసలాయన మీది కాదని శేషగిరికి అప్పటికి అర్థమైంది. పాపం, పాట నచ్చి నవ్వాడు, అందులో తప్పేముంది?

ఆదివారం ఆ రికార్డునే గుడ్డలో చుట్టుకుని అక్కుపల్లి బస్సెక్కాడు. క్షమించమని అడిగి అది ఇచ్చి రావాలని.

తాటాకింటి ముందు ముసలాయన కూతురు నీలవేణి చేపలు ఎండబెడుతోంది. పోలయ్య కోసం వచ్చానన్నాడు.

"అయ్య పోయి ఎనిమిది రోజులైనాది బాబూ. జొరం."

శేషగిరి గుడ్డ విప్పాడు. ఏం చెయ్యాలో తోచక రికార్డు చేతికిచ్చాడు.

"మీ నాన్నకి ఈ పాట ఇష్టం. మా ఇంటికొచ్చి వినేవాడు."

నీలవేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా అయ్య పాటలిన్నాడా? పదేళ్ల కింద ఏటకెల్లినప్పుడు తెప్ప పక్కన పిడుగు పడ్డాది. ఆ కాడి నుంచి అయ్యకి రెండు సెవులూ ఇనపడవు బాబూ."

 మరి మా ఇంటికెందుకొచ్చేవాడని అడిగాడు శేషగిరి.

"పలాస బాబువి నువ్వేనా?" అంది నీలవేణి. చేతులు కొంగుకి తుడుచుకుని చెప్పుకొచ్చింది. నిప్పుకుండ పట్టుకుని సూర్యకాంతం పాడె ముందు శేషగిరి నడుస్తుంటే పోలయ్య దారిలో చూశాడట. కళ్లు పొడిగా ఉన్నాయన్నాడట. సముద్రంలో మనిషి పోయిన ఇంట్లో ఏడవనివాళ్లుంటే, ఏడ్చేదాకా వాళ్లని ఒంటరిగా వదలకపోవడం తమ పేటలో ఆనవాయితీ అంది. బస్సులన్నీ వదులుకుని ఆ కూర్చోడమేటని తనే తండ్రిని ఎన్నోసార్లు కసిరిందట.

"ఆకరిసారి పలాస నుంచి వచ్చిన రోజున కావిడి దించకుండానే సెప్పాడు బాబూ, 'ఇయ్యాల ఆ బాబు కంట నీరొచ్చినాది, ఇంక నానెల్లక్కర్లేదు' అని."