ముసుగు తెగిన చోటు

యోరిస్ కుర్చీ ఎత్తి గోడకు విసిరికొట్టాడు. "మీ కొత్త మందు ప్రయోగానికి నా పెళ్ళామే దొరికిందా? నిన్న సూది పొడిచారు, ఇవాళ చెయ్యి వాచిపోయింది."

పక్కన గ్రీట్ తల వంచుకుని కూర్చుంది. ఆమె ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డకు నేనిస్తున్న మందు ముసుగు తొడిగిన యాంటీబాడీ. ఒళ్ళంతా తిరిగినా ఎక్కడా కరవదు. గడ్డలో ఊరే రసం ఆ ముసుగును కోసేశాకే కరుస్తుంది. మానుతున్న గాయంలోనూ ఆ రసమే ఊరుతుంది. అందుకే గెంట్ నగరంలోని మా క్లినిక్‌లో సూది వేసే ముందు ప్రతిసారీ దెబ్బల గురించి అడిగి రాయించుకుంటాం.

"దెబ్బలేమీ లేవని రాశారుగా," అన్నాను.

"లేవు. నేనే రాశాను." నా కాలర్ పట్టుకుని నన్ను గోడకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. "ఎక్కించింది విషమని ఒప్పుకో డాక్టరమ్మా."

"ఎక్కడ వాచిందో ముందు చూపించండి," అన్నాను ఎగశ్వాసతో.

నన్ను వదిలి, గ్రీట్ చొక్కా చేతిని పైకి తోశాడు. మోచేతి పైన ఒకవైపు నాలుగు ఎర్రటి వాపులు, రెండోవైపు ఒకటి.

"ఇదిగో, కళ్ళు పెట్టుకుని చూడు," అంటూ ఆ చేతిని పట్టుకుని నా ముందుకు లాగాడు.

అతని అయిదు వేళ్ళూ ఆ అయిదు వాపుల మీద అతికినట్టు కూర్చున్నాయి.

గ్రీట్ అప్పుడు తలెత్తింది.

"మందు ఆపకండి డాక్టరమ్మా," అంది. "రోగం ఉన్నచోటే కరిచింది."